బ్రెస్ట్ ఇంప్లాంట్ ఫలితం నచ్చలేదా? రెండో సర్జరీకి తొందరపడొద్దు.. ముందు ఇవి తెలుసుకోండి!

డబ్బు ఖర్చయింది. నొప్పి భరించారు. వారాల తరబడి విశ్రాంతి తీసుకున్నారు. తీరా అద్దంలో చూసుకుంటే అనుకున్నట్టు లేదు. బ్రెస్ట్ ఇంప్లాంట్ సర్జరీ చేయించుకున్న కొందరు మహిళలకు ఎదురయ్యే పరిస్థితి ఇది. ఒకవైపు గట్టిపడొచ్చు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నట్టు కనిపించొచ్చు. సైజు మరీ పెద్దగానో, చిన్నగానో అనిపించొచ్చు.

అలాంటప్పుడు మనసులోకి వచ్చే మొదటి ఆలోచన ఒక్కటే.. ఇంకోసారి ఆపరేషన్ చేయించుకుంటే సరైపోతుంది కదా అని. నిజానికి చాలామందికి రెండో సర్జరీతో మంచి ఫలితమే వస్తుంది. కానీ మొదటిసారి ఎందుకు తేడా వచ్చిందో తేలకుండా మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కితే అదే సమస్య తిరిగి రావచ్చు. అందుకే రివిజన్ సర్జరీ గురించి ఆలోచిస్తున్నవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన విషయాలు ఇక్కడ వివరంగా చూద్దాం.

ఇంప్లాంట్ జీవితాంతం ఉంటుందా?

ఉండదు. ఇంప్లాంట్లు జీవితకాల పరికరాలు కావని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. ఎంత ఎక్కువ కాలం శరీరంలో ఉంటే సమస్యలు వచ్చే అవకాశం అంత పెరుగుతుంది. అందం కోసం ఇంప్లాంట్లు వేయించుకున్న వారిలో 20 శాతం మంది వరకు 8 నుంచి 10 ఏళ్లలోపే వాటిని తీయించుకోవాల్సి వస్తోందని ఆ సంస్థ అంటోంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు.

ప్రపంచంలో తొలి సిలికాన్ బ్రెస్ట్ ఇంప్లాంట్ సర్జరీ 1962లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో జరిగింది. అప్పటి నుంచి డిజైన్లు, జెల్, పైపొర చాలా మారాయి. అయినా రెండోసారి సర్జరీ అవసరం మాత్రం పూర్తిగా పోలేదు. కాబట్టి రివిజన్‌కు వెళ్లాల్సి వచ్చినంత మాత్రాన ఆ మహిళ ఏదో తప్పు చేసిందనీ కాదు, ప్రతిసారీ డాక్టర్ తప్పు చేశారనీ కాదు.

రెండోసారి రిస్క్ ఎందుకు ఎక్కువ?

అమెరికాలో నాట్రెల్ రకం సిలికాన్ ఇంప్లాంట్లపై పదేళ్ల పాటు ఓ అధ్యయనం జరిగింది. మొదటిసారి సర్జరీ చేయించుకున్న వారిలో 18.9 శాతం మందికి ఇంప్లాంట్ చుట్టూ పొర గట్టిపడే సమస్య వచ్చింది. రివిజన్ చేయించుకున్న వారిలో అది 28.7 శాతానికి చేరింది. మళ్లీ ఇంకో ఆపరేషన్ అవసరం పడటం కూడా రివిజన్ చేయించుకున్న వారిలోనే ఎక్కువ.

కారణం సులభంగానే అర్థమవుతుంది. మొదటిసారి డాక్టర్ చేతిలో ఉండేది ఎవరూ కోయని శరీరం. రెండోసారి లోపల పాత మచ్చలు ఉంటాయి. చర్మం సాగి ఉంటుంది. కొందరిలో కండ పలచబడి ఉంటుంది. రక్త ప్రసరణ కూడా మునుపటిలా ఉండకపోవచ్చు. పెద్ద సైజు ఇంప్లాంట్ ఏళ్ల తరబడి మోసిన శరీరంలో చర్మం, రొమ్ము కణజాలం పలచబడితే అది తిరిగి పూర్తిగా మందంగా మారదు. అందుకే రివిజన్ సర్జరీకి సమయం ఎక్కువ పడుతుంది. అనుభవం కూడా ఎక్కువ కావాలి.

ఎంతకాలం ఆగాలి?

సర్జరీ అయిన మొదటి వారాల్లో కనిపించే ఆకారం అసలు ఆకారం కాదు. వాపు ఉంటుంది. ఇంప్లాంట్లు ఛాతీ పైభాగంలో ఎత్తుగా కూర్చున్నట్టు ఉంటాయి. కండరం వదులై, చర్మం సర్దుకున్నాక అవి మెల్లగా కిందికి దిగుతాయి. రెండు వైపులా ఒకే వేగంతో దిగాలని కూడా లేదు. ఒకవైపు ముందు, ఇంకోవైపు కొన్ని వారాల తర్వాత దిగడం మామూలే.

అందుకే ఆకారం, సైజు లాంటి విషయాల్లో నిర్ణయం తీసుకోవడానికి కనీసం 6 నెలలు ఆగమని సర్జన్లు చెబుతారు. కొందరి విషయంలో ఏడాది వరకూ ఆగమంటారు. ఈలోగా లోపలి మచ్చలు మెత్తబడతాయి. ప్రతి నెలా ఒకే చోట, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫొటో తీసి దాచుకుంటే మార్పు ఉందా లేదా అన్నది తెలుస్తుంది. డాక్టర్‌కు చూపించడానికీ అవి పనికొస్తాయి.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు

కొన్ని లక్షణాలకు ఆరు నెలల లెక్క వర్తించదు. వెంటనే డాక్టర్‌ను కలవాలి.

• ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లో లేదా రోజుల్లో ఒకవైపు మాత్రమే బాగా ఉబ్బడం, బిగుసుకుపోవడం, నల్లగా కమలడం. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

• జ్వరం, ఎర్రదనం, వేడి, కుట్ల దగ్గర చీము లేదా నీరు కారడం. ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

• కుట్లు విడిపోవడం, చర్మం పలచబడి ఇంప్లాంట్ బయటికి కనిపించడం.

• సర్జరీ అయి ఏడాది దాటాక, అంతా బాగానే ఉందనుకున్న సమయంలో ఒక రొమ్ము హఠాత్తుగా వాయడం.

• రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గడ్డ తగలడం.

చివరి రెండింటినీ అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. దానికి కారణం కింద ఉంది.

నచ్చలేదు అంటే.. అసలు సమస్య ఏంటి?

బాగోలేదు అన్న ఒక్క మాటతో డాక్టర్‌కు ఏమీ తెలియదు. సమస్యకు పేరు తెలిస్తేనే పరిష్కారం తెలుస్తుంది. సాధారణంగా కనిపించేవి ఇవీ..

గట్టిపడటం: శరీరంలో ఏ పరాయి వస్తువు పెట్టినా దాని చుట్టూ ఒక పొర ఏర్పడుతుంది. ఇది సహజం. కొందరిలో ఆ పొర దళసరిగా మారి, ఇంప్లాంట్‌ను పిడికిలి బిగించినట్టు నొక్కేస్తుంది. దీన్నే క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. డాక్టర్లు దీన్ని బేకర్ స్కేల్‌పై నాలుగు గ్రేడ్‌లుగా చూస్తారు. గ్రేడ్ 1లో రొమ్ము మామూలుగా మెత్తగానే ఉంటుంది. గ్రేడ్ 2లో కాస్త గట్టిగా తగులుతుంది, చూడటానికి తేడా ఉండదు. గ్రేడ్ 3లో ఆకారం మారినట్టు కంటికే కనిపిస్తుంది. గ్రేడ్ 4లో నొప్పి కూడా ఉంటుంది. సాధారణంగా 3, 4 గ్రేడ్‌లకే సర్జరీ ఆలోచిస్తారు.

జారిపోవడం: ఇంప్లాంట్ రొమ్ము కింది మడత దాటి కిందికి జారితే చనుమొన పైకి చూస్తున్నట్టు ఉంటుంది. పడుకున్నప్పుడు చంక వైపు జారిపోవడం ఇంకో రకం. రెండూ మధ్యకు జరిగి కలిసిపోయినట్టు కనిపించడం మరో రకం. మధ్యకు కలిసిపోయిన దాన్ని సరిచేయడం కష్టమైన రివిజన్లలో ఒకటి.

రెండు మడతలు: రొమ్ము కింద అసలు మడత ఒకటి, ఇంప్లాంట్ అంచు ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. దీన్ని డబుల్ బబుల్ అంటారు.

ముడతలు: చర్మం కింద ఇంప్లాంట్ అలలు అలలుగా కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. సన్నగా ఉన్నవారిలో, సెలైన్ ఇంప్లాంట్ ఉన్నవారిలో ఇది ఎక్కువ.

పగలడం: సెలైన్ ఇంప్లాంట్ పగిలితే లోపలి ఉప్పునీటిని శరీరం పీల్చేసుకుంటుంది. రొమ్ము తగ్గిపోయి వెంటనే తెలిసిపోతుంది. సిలికాన్ జెల్ అలా కాదు. పగిలినా జెల్ అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఏళ్ల తరబడి బయటికి తెలియకపోవచ్చు.

సైజు నచ్చకపోవడం: రెండో సర్జరీకి ఇది కూడా ఒక ప్రధాన కారణమే. ఇక్కడ ఆరోగ్య సమస్య ఉండదు. కాబట్టి తొందర కూడా అక్కర్లేదు.

పరీక్షలు లేకుండా నిర్ణయం వద్దు

బయటి నుంచి చూసి ఇంప్లాంట్ పగిలిందో లేదో చెప్పడం అనుభవం ఉన్న డాక్టర్‌కు కూడా కష్టమే. అందుకే రివిజన్‌కు ముందు అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్‌ఐ చేయిస్తారు. సిలికాన్ పగులు కనిపెట్టడంలో ఎంఆర్‌ఐ బాగా పనిచేస్తుంది. అసలు ఏ లక్షణాలూ లేకపోయినా సిలికాన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు సర్జరీ అయిన 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 2, 3 ఏళ్లకు ఒకసారి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్‌ఐ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ సూచిస్తోంది.

40 ఏళ్లు దాటిన వారికి, ఇంట్లో రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉన్నవారికి మామోగ్రామ్ కూడా అడుగుతారు. స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్‌కు ఇంప్లాంట్ ఉందన్న సంగతి ముందే చెప్పాలి. ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టి అదనపు ఫొటోలు తీసే పద్ధతి వేరే ఉంటుంది. సిగ్గుపడి దాచిపెడితే ఇంప్లాంట్ వెనుక ఉన్న గడ్డ కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

లోపల ఉన్నది ఏ కంపెనీ ఇంప్లాంట్?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని వాళ్లు చాలామందే ఉంటారు. కానీ రివిజన్‌లో ఇది కీలకం. ఎందుకో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది ఫ్రాన్స్‌కు చెందిన పీఐపీ కంపెనీ వ్యవహారం. వైద్య అవసరాలకు ఆమోదం లేని పారిశ్రామిక సిలికాన్‌తో ఆ కంపెనీ ఇంప్లాంట్లు తయారు చేసినట్టు 2010లో బయటపడింది. 2011 డిసెంబర్‌లో ఫ్రాన్స్ ప్రభుత్వం దాదాపు 30 వేల మంది మహిళలకు వాటిని తీయించుకోవాలని సూచించింది. కంపెనీ వ్యవస్థాపకుడు జాన్ క్లోడ్ మాస్‌కు 2013 డిసెంబర్‌లో కోర్టు 4 ఏళ్ల జైలు శిక్ష విధించింది. ఈ ఇంప్లాంట్లు ఒక్క ఫ్రాన్స్‌కే పరిమితం కాలేదు. ఎన్నో దేశాలకు ఎగుమతి అయ్యాయి.

రెండోది అలెర్గాన్ కంపెనీ బయోసెల్ రకం ఇంప్లాంట్లు. వీటి పైపొర గరుకుగా ఉంటుంది. గరుకు పొర ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనే అరుదైన క్యాన్సర్ వస్తున్నట్టు గుర్తించారు. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు. రోగ నిరోధక వ్యవస్థకు చెందిన లింఫోమా. 2019 జులై నాటికి ప్రపంచవ్యాప్తంగా 573 కేసులు, 33 మరణాలు ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చాయి. వాటిలో 481 కేసులు అలెర్గాన్ ఇంప్లాంట్లకు సంబంధించినవే. దీంతో ఎఫ్‌డీఏ కోరడంతో ఆ కంపెనీ బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

ఈ జబ్బు సాధారణంగా సర్జరీ అయిన చాలా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఎక్కువగా కనిపించే లక్షణం ఒకవైపు హఠాత్తుగా వాపు, లోపల నీరు చేరడం. అలాంటప్పుడు సూదితో ఆ నీరు తీసి సీడీ30 అనే పరీక్షకు పంపాలి. ఫలితం రాకుండా మామూలు రివిజన్ చేసేయడం సరికాదు. త్వరగా గుర్తిస్తే ఇంప్లాంట్‌ను చుట్టూ ఉన్న పొరతో సహా పూర్తిగా తీసేయడంతోనే చాలామంది కోలుకుంటారు.

అలాగని గరుకు ఇంప్లాంట్ ఉన్న ప్రతి ఒక్కరూ కంగారుపడి తీయించుకోవాల్సిన పని లేదు. లక్షణాలు లేనివారు తీయించుకోవాలని ఎఫ్‌డీఏ సిఫార్సు చేయలేదు. కానీ తనకు ఏ రకం వేశారో తెలిసి ఉండటం, వాపు వస్తే వెంటనే చూపించుకోవడం తప్పనిసరి.

ఇందుకోసం మొదటి ఆస్పత్రి నుంచి ఈ వివరాలు తీసుకోవాలి:

• ఇంప్లాంట్ కార్డ్ లేదా డబ్బాపై ఉండే స్టిక్కర్. అందులో కంపెనీ, మోడల్, సీసీల్లో సైజు, సీరియల్ నంబర్, లాట్ నంబర్ ఉంటాయి.

• ఆపరేషన్ నోట్స్. ఇంప్లాంట్ కండరం పైన పెట్టారా, కింద పెట్టారా, కోత ఎక్కడ పెట్టారు అన్నది అందులో రాస్తారు.

• డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, సర్జరీకి ముందు తీసిన ఫొటోలు.

మన దేశంలో వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. అయితే డాక్టర్లు రికార్డులు భద్రపరచాల్సిన కాలం చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లే. కాబట్టి రివిజన్ ఆలోచన లేకపోయినా ముందే తెచ్చుకుని దాచుకోవడం మంచిది. ఆ కాగితాలకు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నా ఎప్పుడో ఒకప్పుడు ఉపయోగపడుతుంది.

రివిజన్‌లో ఏం చేస్తారు?

రివిజన్ అంటే పాతది తీసి కొత్తది పెట్టడమే అనుకుంటే పొరపాటే. సమస్యను బట్టి ఒకటి లేదా రెండు, మూడు పద్ధతులు కలిపి చేస్తారు.

పొర తొలగించడం: గట్టిపడిన పొరకు గాట్లు పెట్టి వదులు చేస్తారు, లేదా కొంత భాగమో పూర్తిగానో తీసేస్తారు. రొమ్మును చేత్తో గట్టిగా నొక్కి ఆ పొర పగలగొట్టే పాత పద్ధతి ఒకటి ఉండేది. దానివల్ల ఇంప్లాంట్ పగిలే ప్రమాదం ఉంది. అలా చేయొద్దని ఎఫ్‌డీఏ హెచ్చరిస్తోంది. ఎవరైనా ఈ పద్ధతి చెబితే ఒప్పుకోవద్దు.

చోటు మార్చడం: కండరం పైన ఉన్నదాన్ని కిందికి, లేదా కొత్తగా చేసిన అరలోకి మారుస్తారు. గట్టిపడటం, ముడతలు ఉన్నప్పుడు ఇది ఉపయోగపడుతుంది.

అర సరిచేయడం: ఇంప్లాంట్ జారిపోతే, అది ఉన్న అరను లోపలి నుంచి కుట్లు వేసి చిన్నది చేస్తారు. కణజాలం బలహీనంగా ఉంటే శుద్ధి చేసిన చర్మపు పొర లాంటి ఆధారాన్ని లోపల కుడతారు. దీనివల్ల ఖర్చు బాగా పెరుగుతుంది.

లిఫ్ట్: చర్మం వదులైనప్పుడు ఇంకా పెద్ద ఇంప్లాంట్ పెట్టి నింపడం సరైన దారి కాదు. బరువు పెరిగి మరింత జారుతుంది. అదనపు చర్మం తీసి రొమ్మును పైకి లేపాల్సి ఉంటుంది. దీనికి మచ్చలు మాత్రం ఎక్కువే ఉంటాయి.

కొవ్వు ఎక్కించడం: పొట్ట, తొడల నుంచి తీసిన కొవ్వును ముడతలు కనిపించే చోట ఎక్కిస్తారు. ఎక్కించినదంతా నిలవదు, కొంత కరిగిపోతుంది. ఒక్కోసారి రెండోసారి కూడా చేయాల్సి వస్తుంది.

ఇన్‌ఫెక్షన్ వల్ల ఇంప్లాంట్ తీయాల్సి వస్తే చాలా సందర్భాల్లో వెంటనే కొత్తది పెట్టరు. గాయం పూర్తిగా మానేవరకు కొన్ని నెలలు ఆగి అప్పుడు పెడతారు. ఆ మధ్య కాలం మానసికంగా కష్టమే. కానీ తొందరపడితే కొత్త ఇంప్లాంట్‌కూ ఇన్‌ఫెక్షన్ సోకొచ్చు.

మళ్లీ పెట్టించుకోకపోతే?

చాలామంది అడగడానికి జంకే ప్రశ్న ఇదే. తీసేసి వదిలేయడం కూడా ఒక పూర్తి స్థాయి పరిష్కారమే. దాన్ని ఓటమిగా చూడాల్సిన పని లేదు. ముఖ్యంగా రెండుసార్లు గట్టిపడిన వారికి, చర్మం బాగా పలచబడిన వారికి, ప్రతి కొన్నేళ్లకు ఆపరేషన్ వద్దనుకునే వారికి ఇదే మంచి దారి కావచ్చు.

అయితే ఇంప్లాంట్ తీశాక రొమ్ము సర్జరీకి ముందున్నట్టే తయారవుతుందని ఆశపడొద్దు. చర్మం వదులుగా, గుంటలుగా కనిపించొచ్చు. కొన్ని నెలల్లో కొంత సర్దుకుంటుంది. చిన్న సైజు ఇంప్లాంట్ ఉన్నవారిలో, చర్మంలో సాగే గుణం బాగున్నవారిలో ఫలితం బాగుంటుంది. మిగతావారికి లిఫ్ట్ అవసరం పడొచ్చు.

నీరసం, కీళ్ల నొప్పులు, మతిమరుపు లాంటి సమస్యలకు ఇంప్లాంట్లే కారణమని నమ్మి తీయించుకునేవారూ ఉన్నారు. దీన్ని బ్రెస్ట్ ఇంప్లాంట్ ఇల్‌నెస్ అంటున్నారు. దీన్ని నిర్ధారించే పరీక్ష ఇప్పటివరకు లేదు. తీశాక కొందరికి ఉపశమనం కలిగింది. అందరికీ కలగలేదు. కాబట్టి థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ లోపం, ఆర్థరైటిస్ లాంటివి ఉన్నాయేమో ముందు చూపించుకోవాలి.

ఇంప్లాంట్‌తో పాటు చుట్టూ ఉన్న పొరను మొత్తం ఒకే ముక్కగా తీయాలని ఈ మధ్య సోషల్ మీడియాలో ప్రచారం ఎక్కువైంది. క్యాన్సర్ ఉన్నప్పుడు అలా తీయడం అవసరం. మిగతా వారికి అది తప్పనిసరి అని రుజువు లేదు. పొర పక్కటెముకలకు అతుక్కుని ఉంటే బలవంతంగా తీయడం వల్ల ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం కూడా ఉంది.

డాక్టర్‌ను ఎలా ఎంచుకోవాలి?

మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్‌కు ఎంబీబీఎస్, పీజీ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ అర్హత ఉండాలి. కాస్మెటిక్ క్లినిక్ అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపల ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారని అర్థం కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్లలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలి.

మొదటి సర్జన్‌ను మళ్లీ కలవడంలో తప్పు లేదు. లోపల ఏం చేశారో ఆయనకే బాగా తెలుసు. కొన్ని ఆస్పత్రులు రివిజన్‌కు సర్జన్ ఫీజు తగ్గిస్తాయి కూడా. కానీ ఆ డిస్కౌంట్ చూసి మాత్రమే నిర్ణయం తీసుకోవద్దు. ఇంకో సర్జన్ అభిప్రాయం తప్పకుండా తీసుకోవాలి. ఖర్చుకు వెనకాడేవారు ప్రభుత్వ ఆస్పత్రుల వైపు చూడొచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖపట్నంలో కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి.

డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి:

• మొదటిసారి ఈ సమస్య రావడానికి కారణం ఏమై ఉంటుంది?

• ఈసారి అదే మళ్లీ రాకుండా మీరు వేరుగా ఏం చేస్తారు?

• ఇలాంటి రివిజన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు? వాటి ఫొటోలు చూపించగలరా?

• సర్జరీ చేయించుకోకపోతే ఏమవుతుంది?

• ఇంప్లాంట్ తీసేసి వదిలేస్తే నా విషయంలో ఎలా ఉంటుంది?

• చనుమొన స్పర్శ, పాలివ్వడం మీద ప్రభావం ఉంటుందా?

• మళ్లీ సమస్య వస్తే ఖర్చు ఎవరిది?

మొదటి రెండు ప్రశ్నలకు స్పష్టమైన జవాబు రాకపోతే అక్కడితో ఆగడం మంచిది. "అన్నీ నేను చూసుకుంటానమ్మా" అన్న భరోసా వినడానికి బాగుంటుంది కానీ అది జవాబు కాదు.

ఖర్చు, ఇన్సూరెన్స్ సంగతేంటి?

రివిజన్ ఖర్చు తరచూ మొదటి సర్జరీ కంటే ఎక్కువే అవుతుంది. కొత్త ఇంప్లాంట్లు, పాతవి తీయడం, ఎక్కువసేపు మత్తు, స్కానింగ్‌లు, డ్రెయిన్ పైపులు.. అన్నీ కలుస్తాయి. అందం కోసం చేసే సర్జరీపై జీఎస్టీ కూడా పడుతుంది. అందుకే మొత్తం అంచనా కాగితంపై రాయించుకోవాలి.

మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా కాస్మెటిక్ సర్జరీకి డబ్బు ఇవ్వవు. అయితే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంది. ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉండి, దాన్ని తొలగించడానికి సర్జరీ అవసరమని డాక్టర్ సర్టిఫై చేసినప్పుడు కూడా క్లెయిమ్‌కు అవకాశం ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ తర్వాత ఇంప్లాంట్ వేయించుకున్నవారు ఈ విషయం బీమా కంపెనీని తప్పకుండా అడగాలి. రేడియేషన్ తీసుకున్న వారిలో గట్టిపడే సమస్య ఎక్కువ కాబట్టి ఈ సమాచారం వారికే ఎక్కువ అవసరం.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి అక్కడి 1998 నాటి చట్టం ఒకటి ఉపయోగపడుతుంది. రొమ్ము తొలగింపును కవర్ చేసే ఇన్సూరెన్స్ ప్లాన్, తర్వాతి పునర్నిర్మాణాన్ని, దానివల్ల వచ్చే సమస్యల చికిత్సను కూడా కవర్ చేయాలని ఆ చట్టం చెబుతోంది. ఇక సెలవుల్లో ఇండియా వచ్చి సర్జరీ చేయించుకుని తిరిగి వెళ్లాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. సమస్య వస్తే చూసే డాక్టర్ ఎవరన్నది ముందే తేల్చుకుని రావాలి. రెండు వారాల టికెట్‌తో రివిజన్ సర్జరీ పెట్టుకోవడం మంచిది కాదు.

నిర్లక్ష్యం జరిగిందనిపిస్తే?

ఫలితం నచ్చకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. గట్టిపడటం లాంటివి జాగ్రత్తగా చేసినా రావచ్చు. కానీ అర్హత లేనివారు సర్జరీ చేయడం, రిస్క్‌లు చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం, చెప్పిన ఇంప్లాంట్ బదులు వేరేది వేయడం లాంటివి జరిగితే మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇంప్లాంట్ పగలడం లాంటి పరికర లోపాలను మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకు తెలపొచ్చు. 2015లో మొదలైన ఈ కార్యక్రమాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్ నడుపుతోంది. టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024. తీసేసిన ఇంప్లాంట్‌ను పారేయకుండా, ఫొటో తీయించి, నివేదిక రాయించి ఇవ్వమని సర్జరీకి ముందే ఆస్పత్రికి చెప్పాలి.

సర్జరీ ఖాయమైతే ఈ జాగ్రత్తలు

• సిగరెట్ అలవాటు ఉంటే కనీసం 4 వారాల ముందే మానేయాలి. గాయం మానడానికి ఇది చాలా ముఖ్యం.

• రక్తం పలచబరిచే మందులు, ఆయుర్వేద మందులు, సప్లిమెంట్లు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి. సొంతంగా ఆపేయొద్దు.

• షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి.

• త్వరలో పిల్లల కోసం ప్లాన్ చేస్తుంటే సర్జరీ వాయిదా గురించి అడగాలి. గర్భం, పాలివ్వడం తర్వాత ఆకారం మళ్లీ మారుతుంది.

• ఆఫీసు పనికి సాధారణంగా ఒకటి రెండు వారాల్లో వెళ్లొచ్చు. బిందెలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తడం, చంటిపిల్లల్ని పదేపదే ఎత్తుకోవడం, జిమ్ లాంటివి 4 నుంచి 6 వారాలు వద్దు. డాక్టర్ చెప్పిన గడువే ఫైనల్.

దాచిపెట్టడం వల్లే నష్టం

తెలుగు ఇళ్లలో ఈ సర్జరీ గురించి బయటికి చెప్పేవాళ్లు తక్కువ. భర్తకు తప్ప ఎవరికీ తెలియకుండా, ఒక్కోసారి భర్తకు కూడా తెలియకుండా చేయించుకునేవారు ఉంటారు. ఆ రహస్యం రెండోసారి మరింత బరువవుతుంది. "అప్పుడే వద్దని చెప్పాం కదా" అన్న మాట వినాల్సి వస్తుందన్న భయంతో నొప్పిని కూడా దాచుకుంటారు. కాగితాలు ఎవరికంటా పడకూడదని చింపేస్తారు. ఒంటరిగా వెళ్లి, మొదట దొరికిన డాక్టర్ చెప్పిందానికి తలూపి వచ్చేస్తారు.

అందరికీ చెప్పాల్సిన అవసరం లేదు. కానీ ఒక్కరికైనా చెప్పాలి. అక్కో, చెల్లో, స్నేహితురాలో.. డాక్టర్ గదిలో పక్కన కూర్చుని, ఆయన చెప్పింది రాసుకుని, ఇంటికొచ్చాక గుర్తుచేసే మనిషి ఉండాలి. వాపు కనిపించిన రోజు ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి కూడా ఉండాలి.

ఇంకో విషయం. సర్జరీ బాగానే జరిగినా, డాక్టర్లు అంతా సరిగ్గానే ఉందని చెప్పినా అద్దంలో లోపమే కనిపిస్తుంటే, రోజంతా అదే ఆలోచన వేధిస్తుంటే మరో సర్జరీకి ముందు మానసిక నిపుణులను కలవడం మంచిది. ఏ స్త్రీకీ రెండు రొమ్ములూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. సర్జరీ తర్వాత కూడా అంతే.

తరచూ వచ్చే సందేహాలు

ఏ సమస్యా లేకపోయినా పదేళ్లకు మార్చాల్సిందేనా? అవసరం లేదు. పదేళ్లు అన్నది ఎక్స్‌పైరీ తేదీ కాదు. లక్షణాలు లేకుండా, స్కానింగ్ బాగుంటే డాక్టర్ పర్యవేక్షణలో కొనసాగించొచ్చు.

పగిలిన సిలికాన్ ఇంప్లాంట్ వల్ల ప్రాణాపాయమా? అత్యవసర పరిస్థితి కాదు. కానీ తీయించుకోవడమే మంచిదని చెబుతారు. జెల్ పొర దాటి పాకితే తీయడం కష్టమవుతుంది.

రివిజన్ తర్వాత పిల్లలకు పాలివ్వొచ్చా? చాలామంది ఇవ్వగలుగుతారు. చనుమొన చుట్టూ కోత పెట్టినవారిలో, లిఫ్ట్ చేయించుకున్నవారిలో పాలు తగ్గే అవకాశం ఉంది. ముందే అడిగి తెలుసుకోవాలి.

మసాజ్‌తో గట్టిపడటం తగ్గుతుందా? ఆకారం మారి, నొప్పి వచ్చే దశకు చేరిన పొర మసాజ్‌తో పోతుందని రుజువు లేదు. డాక్టర్ చెప్పకుండా నొక్కడం, మర్దన చేయడం వద్దు.

మొత్తం మీద రివిజన్ సర్జరీకి వెళ్లాలా వద్దా అన్నది ఆ మహిళ సొంత నిర్ణయం. కాకపోతే కారణం తెలిశాక, కాగితాలు చేతిలో పెట్టుకుని, కనీసం ఇద్దరు సర్జన్లను అడిగాక తీసుకుంటే మూడోసారి అవసరం పడే అవకాశం తగ్గుతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే అర్హత ఉన్న వైద్యులను సంప్రదించండి.)